పెరటి బాతులు, పక్కింటి ఫిర్యాదు

ప్రశ్న: తణుకులో సొంతిల్లు. పెరట్లో నాలుగు బాతులున్నాయి. పక్కింటివాళ్లు మున్సిపాలిటీకి ఫిర్యాదు చేస్తామంటున్నారు. తీసేయాల్సిందేనా?

జవాబు: బాతులున్నంత మాత్రాన నేరం కాదండీ. గొడవంతా కంపుతోనే. తింటూ తింటూ నీళ్లలో ముక్కు ముంచడం బాతుల అలవాటు. తవుడు, రెట్ట కలిసి తొట్టి నీళ్లు ఒక్క పూటకే కుళ్లిపోతాయి. వాటిని వీధి కాలువలోకి వదలకుండా రోజూ అరటి పాదుల్లో పోయండి. నలుగురికీ ఇబ్బందని తేలితే మాత్రం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 152వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ తొలగించమని ఆదేశించగలరు.

నాకు అంతకన్నా బెంగ బర్డ్‌ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో మీ మండలం వేల్పూరులోనే బయటపడింది. పైకి జబ్బు కనిపించకుండానే బాతులు వైరస్‌ను మోయగలవు. వ్యాధి నిర్ధారణైతే కిలోమీటరు పరిధిలో పెరటి పక్షుల్నీ చంపేస్తారు. దయచేసి కోళ్లతో కలిపి ఉంచకండి. ఒక్కటి అకారణంగా చచ్చినా వెంటనే పశువైద్యుడికి చెప్పండి.