పల్లెబిడ్డలకు భౌతిక, ఖగోళశాస్త్రములలో ఉన్నత విద్య
(పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు)

గ్రామపంచాయతీ సభ్యుని యింటికి పనిమీద వచ్చువారిలో విద్యార్థుల తలిదండ్రులు తక్కువవారు కారు. కొడుకునకు ఆదాయ ధ్రువపత్రము కావలెనని ఒకరు, కుమార్తెను పట్టణములోని కళాశాలలో చేర్పింపవచ్చునా యని వేరొకరు వచ్చుచుందురు. ఇంజనీరింగు, వైద్యము, ఉపాధ్యాయ శిక్షణ - వీనిని గూర్చి మనకందరకును ఎంతో కొంత తెలియును. కాని డిగ్రీలో భౌతికశాస్త్రము చదివి మంచి మార్కులు తెచ్చుకొన్న బిడ్డ, "ఎమ్మెస్సీ చదివి పరిశోధనలో చేరెదను" అన్నచో ఆ తండ్రికి ఏమి చెప్పవలెనో మనలో పెక్కుమందికి తోచదు. ఇంకను ఎన్నేండ్ల చదువు, ఎంత సొమ్ము, చదివిన పిదప ఏమి అను మూడు ప్రశ్నలకు ఊరిలో జవాబు చెప్పువారు లేనందున అనేకుల చదువు డిగ్రీతోనే ఆగిపోవుచున్నది. ఆ మూడు ప్రశ్నలకును ఈ వ్యాసమున జవాబు చెప్పుటకు ప్రయత్నింతుము.

అన్నిటికంటె ముందుగా ఒక మాట గ్రహింపవలెను. ఈ శాస్త్రములలో పరిశోధన దశకు ఎంపికైన విద్యార్థి సొమ్ము చెల్లించి చదువుకొనడు; నెలనెలా సొమ్ము పుచ్చుకొని చదువును. ఈ ఒక్క విషయము తెలియకపోవుట చేతనే కొందరు చదువు మానుచున్నారు. మరికొందరు పొలము తాకట్టు పెట్టుచున్నారు.

ఈ శాస్త్రములు పల్లెలకు దూరమైనవి కావు

ఆకాశమును పరిశోధించు పని నగరములలో సాగునని మనము తలచుచుందుము. నిజమునకు నగరముల దీపకాంతియు, యంత్రముల సందడియు ఆ పనికి ఆటంకములు. అందువలన దూరదర్శినులను గ్రామసీమలలోనే నెలకొల్పుదురు. మహారాష్ట్రములో పూణె జిల్లా ఖోడద్ గ్రామ పరిసరములలో, పంటపొలముల నడుమ, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసము గల 30 రేడియో యాంటెన్నాలు ఆకాశమునుండి వచ్చు సన్నని తరంగములను గ్రహించుచున్నవి. తమిళనాడులోని జవాది కొండలలో కావలూరు గ్రామముకడ పెద్ద దూరదర్శిని కలదు. లడఖ్‌లోని హాన్లే యొద్ద సముద్రమట్టమునకు 4,500 మీటర్ల ఎత్తున మరియొకటి కలదు. తిరుపతి చేరువనున్న గాదంకి గ్రామములో జాతీయ వాతావరణ పరిశోధనశాలవారు గొప్ప రాడారు సహాయమున పైపొరల గాలులను పరిశీలించుచున్నారు.

హైదరాబాదునకు సమీపమున ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి వేధశాల పేరే జాపాల-రంగాపురము. రెండు గ్రామముల పేర్లు కలిసి ఒక శాస్త్రాలయమునకు పేరైనవి. అచ్చట 48 అంగుళముల దూరదర్శిని ఏర్పాటైనది. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అచ్చటనుండి పరిశీలించిరి.

ఇక రానున్న పనులు చూడుడు. మహారాష్ట్రములోని హింగోలీ జిల్లాలో గురుత్వ తరంగములను గ్రహించు లైగో-ఇండియా అను మహాయంత్ర నిర్మాణమునకు కేంద్ర ప్రభుత్వము 2023లో 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి సూర్యుని పరిశీలనకై ఆదిత్య-ఎల్1 బయలుదేరినది. ఇట్టి పనులకు శిక్షణ పొందిన యువతీయువకులు కావలెను.

మన నేలనుండి వెళ్లినవారు

పశ్చిమ గోదావరి జిల్లా భీమవరము ప్రాంతమున గొరగనమూడి అను పల్లె కలదు. 1896లో అచ్చట జన్మించిన ఒక బాలుడు పెద్దవాడై సన్న్యసించి స్వామి జ్ఞానానందుడైనాడు. ఐరోపాకు వెళ్లి, అచ్చట భౌతికశాస్త్రమునందు ఆసక్తి కలిగి, ప్రాహా నగరమునను ఇంగ్లండులోను పరిశోధనలు చేసి తిరిగివచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పరమాణు కేంద్రక శాస్త్ర విభాగమును నెలకొల్పెను. అచ్చటి పరిశోధనశాల నేటికిని ఆయన పేరనే యున్నది.

రెండవ ఉదాహరణము వేణు బాప్పు. ఈయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. బాప్పు నిజాము కళాశాలలో చదివి, 1949లో హైదరాబాదు ప్రభుత్వము వారి విద్యార్థి వేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లెను. వెళ్లిన సంవత్సరమే ఒక క్రొత్త తోకచుక్కను కనుగొనగా, దానికి ఆయన పేరును, ఆయనతో పనిచేసిన ఇరువురి పేర్లును కలిపి పెట్టిరి. తిరిగివచ్చి 1960లో కొడైకెనాలు వేధశాల బాధ్యతలు స్వీకరించెను. భారత ఖగోళభౌతిక సంస్థకును, కావలూరు వేధశాలకును పునాది వేసినవాడు ఆయనయే. అచ్చటి 2.3 మీటర్ల దూరదర్శినికి 1986లో ఆయన పేరు పెట్టిరి. ఒక ప్రభుత్వము ఒక విద్యార్థికి ఇచ్చిన సహాయము దేశమునకు ఎన్ని మడుగులై తిరిగివచ్చెనో దీనివలన తెలియుచున్నది.

చదువునందలి మెట్లు

మొదటి మెట్టు డిగ్రీ. ఇందు భౌతికశాస్త్రము ప్రధానముగను, గణితము తోడుగను ఉండవలెను. గణితము వదలినవారికి పై మెట్లు ఎక్కుట కష్టము. ఇంటర్మీడియట్ పిమ్మట నేరుగా అయిదేండ్ల చదువులో చేరు మార్గమును కలదు. తిరుపతిలో 2015లో స్థాపింపబడిన ఐసర్ అను విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఇట్టిది; దానికి ప్రత్యేక ప్రవేశపరీక్ష నడుపుదురు.

రెండవ మెట్టు ఎమ్మెస్సీ. రెండేండ్ల చదువు. మన రాష్ట్రముల విశ్వవిద్యాలయములలో చేరుటకు ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్ అను పరీక్షలు కలవు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము వంటి వానికి సీయూఈటీ-పీజీ వ్రాయవలెను. ఐఐటీలలో ఎమ్మెస్సీకి జామ్ అను పరీక్ష ద్వారా ప్రవేశము లభించును. జామ్ పరీక్ష సాధారణముగా ఫిబ్రవరిలో జరుగును. కాని దరఖాస్తులు అంతకు ముందు సెప్టెంబరు, అక్టోబరు మాసములలోనే ముగియును. డిగ్రీ ఫలితములు వచ్చిన పిదప చూచుకొందమన్నవాడు ఒక సంవత్సరము పోగొట్టుకొనును.

మూడవ మెట్టు పరిశోధన, అనగా పీహెచ్‌డీ. ఇది సుమారు అయిదారేండ్ల పని. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, గేట్, జెస్ట్ అను పరీక్షలు దీనికి ద్వారములు. నెట్ ఏటికి రెండుమారులు జరుగును. బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ, పూణెలోని ఐయూకా వంటివి జెస్ట్ ఫలితములనుబట్టి అభ్యర్థులను మౌఖిక పరీక్షకు పిలుచును. టాటా మౌలిక పరిశోధన సంస్థకు తన స్వంత పరీక్ష కలదు. ఇంజనీరింగు పట్టభద్రులను సైతము కొన్ని సంస్థలు ఖగోళశాస్త్ర పరిశోధనకు చేర్చుకొనుచున్నవి.

సొమ్ము ఎచ్చటినుండి వచ్చును?

ఇంటర్మీడియట్ బోర్డులో మొదటి నూటికి ఒక్కరిలో నిలిచి, వెంటనే మౌలిక శాస్త్రముల డిగ్రీలో చేరినవారికి కేంద్ర ప్రభుత్వము వారి ఇన్‌స్పైర్ విద్యార్థి వేతనము కలదు. సంవత్సరమునకు 80,000 రూపాయలు. ఇందు 60,000 విద్యార్థి చేతికి, 20,000 వేసవి పరిశోధనకు. డిగ్రీ మొదటి సంవత్సరమునందే దరఖాస్తు చేయవలెను. ఇంజనీరింగులో చేరినవారికి ఇది లేదు.

ఎమ్మెస్సీ దశలో యూజీసీ వారి జాతీయ విద్యార్థి వేతనము క్రింద ఎంపికైనవారికి నెలకు 15,000 రూపాయల చొప్పున ఏటికి పది నెలలు ఇత్తురు. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు, కుటుంబ వార్షికాదాయము రెండున్నర లక్షలకు మించనిచో, మెట్రిక్ అనంతర వేతనము కలదు. ఇతర వర్గములకును రాష్ట్ర ప్రభుత్వముల పథకములు కలవు. వీని నిబంధనలు మారుచుండును గనుక ఆయా సంవత్సరపు ప్రకటనను చూచుకొనవలెను. అప్పు తప్పనిసరియైనచో, కేంద్ర ప్రభుత్వము 2024 నవంబరులో ఆమోదించిన పీఎం-విద్యాలక్ష్మి పథకము క్రింద ఎంపిక చేసిన ఉన్నత సంస్థలలో చేరినవారికి హామీ ఆస్తి లేకయే బ్యాంకులు అప్పు ఇచ్చును.

పీహెచ్‌డీ దశలో నెట్ పరీక్షయందు జేఆర్ఎఫ్ సాధించినవారికి 2023 జనవరి 1 నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000, తరువాత మూడేండ్లు 42,000 రూపాయలు నిర్ణయమైనవి. లెక్కవేసి చూతము: మొదటి రెండేండ్లకు 8,88,000, తరువాతి మూడేండ్లకు 15,12,000, మొత్తము 24 లక్షలు. వసతిగృహము లభింపనిచో ఇంటి అద్దె భత్యము దీనికి అదనము. ఎమ్మెస్సీలో విశ్వవిద్యాలయ ప్రథమస్థానము పొందినవారు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌నకు దరఖాస్తు చేయవచ్చును.

విదేశ విద్య - ఒక హెచ్చరిక

అమెరికాలో భౌతికశాస్త్ర పీహెచ్‌డీలో చేరినవారికి సాధారణముగా విశ్వవిద్యాలయమే ఫీజు మాఫీ చేసి, బోధనలోగాని పరిశోధనలోగాని సహాయకునిగా నియమించి జీతమిచ్చును. డిగ్రీ నాలుగేండ్లు చదివినవారు ఎమ్మెస్సీ లేకయే చేరుటయు కలదు. కాని అదే విశ్వవిద్యాలయములో మాస్టర్సు మాత్రమే చదువగోరువారికి ఈ సహాయము దొరకుట అరుదు. లక్షలు చెల్లింపవలసి యుండును. ఈ రెంటికిని గల భేదమును దళారులు చెప్పరు. 2025లో అచ్చటి ప్రభుత్వము పరిశోధన నిధులను తగ్గించినందున కొన్ని విశ్వవిద్యాలయములు పీహెచ్‌డీ ప్రవేశములను కూడ తగ్గించినవి. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింట బోధన ఫీజు లేదు. నివాస వ్యయము మాత్రము భరింపవలెను. ఐరోపావారి ఎరాస్మస్ ముండుస్ వేతనము పొందినవారికి నెలకు 1,400 యూరోలు లభించును.

షెడ్యూల్డు కులములవారికి, సంచార జాతులవారికి, భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి కేంద్ర ప్రభుత్వము వారి జాతీయ విదేశ విద్యావేతనము కలదు. వయస్సు 35 ఏండ్లలోపు, మార్కులు నూటికి 60, కుటుంబాదాయము ఏటికి 8 లక్షలలోపు ఉండవలెను. గిరిజనులకు వేరుగా పథకము కలదు. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి క్రింద 20 లక్షల రూపాయల వరకు సహాయము లభించును. కూలివాని కొడుకు సైతము దరఖాస్తు చేయదగిన పథకము కలదని ఆ కూలివానికి చెప్పవలసినవారు ఎవరు? ఊరి పెద్దలే గదా!

కష్టములను దాచరాదు

ఈ మార్గము సులభమని మేము చెప్పుట లేదు. పరీక్షలు వ్రాయువారు వేలకొలది, నెగ్గువారు కొందరే. జామ్ ప్రశ్నపత్రము ఆంగ్లములోనే యుండును. నెట్ పత్రము ఆంగ్లమున, హిందీలో ఉండును. తెలుగులో చదివిన బిడ్డకు శాస్త్రము తెలిసియు ప్రశ్న అర్థము కాకపోవచ్చును. పరిశోధన ముగిసిన వెంటనే స్థిరమైన ఉద్యోగము దొరకునని హామీ లేదు. కొన్ని సంవత్సరములు తాత్కాలిక నియామకములలో గడుపవలసి వచ్చును. ఐనను ఈ చదువులో అలవడు గణితము, గణనయంత్ర పరిజ్ఞానము ఇతర ఉద్యోగములకును అక్కరకు వచ్చును. ఇవి యన్నియు తలిదండ్రులకు ముందే తెలియజెప్పుట న్యాయము. తెలిసి ఎన్నుకొన్నవాడు మధ్యలో నిరుత్సాహపడడు.

పంచాయతీ చేయదగిన పనులు

ఒకటి: గ్రామములో ఇంటర్మీడియట్, డిగ్రీ చదువుచున్న యువతీయువకుల జాబితా వ్రాసికొని, ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు చేయవలెనో పంచాయతీ కార్యాలయపు బల్లపై ప్రకటింపవలెను.

రెండు: ధ్రువపత్రముల పని ముందుగనే ముగింపజేయవలెను. ఎంపికైన బిడ్డ ఆదాయపత్రము వేళకు అందక వేతనము పోగొట్టుకొనుట కంటె విచారకరమైనది లేదు. పదవ తరగతి పత్రములో ఒక విధముగను, ఆధారులో మరియొక విధముగను పేరున్నచో జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చిక్కులు వచ్చును. సెలవులలోనే దీనిని సరిదిద్దించుకొమ్మని చెప్పవలెను.

మూడు: మన పంచాయతీలు ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేయుచున్నవి. ఆ సెస్సు బకాయి లేకుండ జిల్లా గ్రంథాలయ సంస్థకు చెల్లించి, మన శాఖా గ్రంథాలయమునకు జామ్, నెట్ పరీక్షల పుస్తకములు, ఆంగ్ల-తెలుగు నిఘంటువులు పంపుడని తీర్మానము చేసి అడుగవచ్చును.

నాలుగు: ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినము. ఆనాడు సమీప కళాశాల అధ్యాపకుని పిలిపించి, పాఠశాల ఆవరణలో చిన్న దూరదర్శినితో పిల్లలకు చంద్రుని, గురుగ్రహమును చూపించవచ్చును. దీనికి వ్యయము స్వల్పము.

ఐదు: బాలికల విషయము. డిగ్రీ ముగియగనే పెండ్లి సంబంధములు చూచుట మన ఊళ్లలో వాడుక. విద్యార్థి వేతనములు, ఫెలోషిప్పులు బాలురతో సమానముగ బాలికలకును లభించును. వసతిగృహములు కలవు. సభ్యురాండ్రు స్వయముగ వెళ్లి తల్లితో మాటలాడినచో ఫలముండును.

ఆరు: విదేశ విద్యకై పొలము తాకట్టు పెట్టబోవువాడు సలహాకు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడుగుడు: "మీవాడు చేరుచున్నది జీతమిచ్చు చదువునకా, ఫీజు కట్టు చదువునకా?" అనుమతి పత్రమును తెలిసిన అధ్యాపకునిచేత చదివించి చూచిన పిమ్మటనే దస్తావేజుపై సంతకము చేయుట మేలు.

ఊరికి చెరువు త్రవ్వించినవాని పేరు తరతరములు చెప్పుకొందురు. ఒక బిడ్డ చదువు మధ్యలో ఆగిపోకుండ కాపాడుటయు అట్టి పనియే. దానికి కావలసినది పెద్ద నిధి కాదు. వేళకు అందిన ఒక కబురు, వేళకు అందిన ఒక ధ్రువపత్రము. ఈ రెండును పంచాయతీ సభ్యులు సమకూర్పగలరని మా విశ్వాసము.