సోషల్ వర్క్ చదువుతారా? ముందు అర్జీ రాయడం నేర్చుకోండి

డిగ్రీ అయ్యాక ఎంఎస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్)లో చేరాలనుకునే విద్యార్థుల్ని కారణం అడిగితే, ఎక్కువమంది ‘పేదలకు సేవ చేయాలని ఉంది’ అంటారు. మంచి కోరికే. అయితే బస్తీలో ఇంటింటికీ తిరిగి పొదుపు గురించి, పరిశుభ్రత గురించి నాలుగు మాటలు చెప్పి రావడమే సేవ అనుకుంటే ఈ వృత్తిలో ఎవరికీ పెద్దగా ఉపయోగపడలేరు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో రూపాయి విలువ ఒకరు నేర్పాల్సిన పని లేదు. తమకు చట్టప్రకారం రావాల్సింది చేతికి అందేదాకా వెంట ఉండే మనిషి మాత్రం వాళ్లకు కావాలి. సోషల్ వర్కర్ చేయాల్సింది ఆ పని.

భర్త చనిపోయిన ఒక అడ్డా కూలీ మహిళ పరిస్థితి ఊహించండి. ఆమె వితంతు పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో సంపాదించే వ్యక్తి 60 ఏళ్లలోపే మరణిస్తే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20 వేల రూపాయలు ఇస్తారు. ఈ పథకం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. తెలిసినా మరణ ధ్రువపత్రం ఒకచోట, ఆదాయ ధ్రువపత్రం ఇంకోచోట. ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటుంది. ఒక్కో కాగితం కోసం ఒక్కో రోజు కూలి పోతుంది, ఆటో ఛార్జీలు అదనం. మూడోసారీ ‘రేపు రా’ అనిపించుకున్నాక ఆమె తిరగడం మానేస్తుంది. ఆఫీసు లెక్కలో అది ఆమె నిర్లక్ష్యం!

ఇక్కడ మంచి సోషల్ వర్కర్‌కు, మామూలు సోషల్ వర్కర్‌కు తేడా తెలుస్తుంది. ఏ కాగితాలు కావాలో, సంబంధిత ఉద్యోగి ఆ రోజు సీట్లో ఉంటారో లేదో ముందే కనుక్కుని, మూడు పనులు ఒకే తిరుగుడులో అయ్యేలా చూసేవారు ఆమెకు రెండు రోజుల కూలి మిగులుస్తారు. అర్జీలో తేదీ, వివరాలు స్పష్టంగా రాసి, రసీదు తీసుకుని, గడువు దాటాక మళ్లీ అడుగుతారు. ఇటుకలు మోసి, సిమెంటు కలిపి అరిగిపోయిన వేళ్ల ముద్రలు బయోమెట్రిక్ యంత్రం మీద పడవు. కంటిపాప స్కాన్, ఓటీపీ వంటి దారులు చాలాచోట్ల ఉన్నా, అడిగేవాళ్లు లేకపోతే ‘పడలేదు, వెళ్లు’తోనే కథ ముగుస్తుంది. ఇవన్నీ చిన్న పనులని చులకన చేయకండి. పేద ఇంట్లో బియ్యం ఉండటం, లేకపోవడం వీటి మీదే ఆధారపడుతుంది.

చట్టాలు కూడా అంతే క్షుణ్నంగా తెలియాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందవచ్చు. ఆహార భద్రత చట్టం కింద అంత్యోదయ (నిరుపేద) కుటుంబానికి నెలకు 35 కిలోల ఆహారధాన్యాలు పొందే హక్కు ఉంది. వెట్టిచాకిరీ 1976 చట్టంతో రద్దయింది. అయినా అప్పు తీరేదాకా పనిచోటు వదిలి పోనివ్వని పరిస్థితి ఎక్కడ కనిపించినా, అది వెట్టేనని గుర్తుపట్టగలగాలి. ఆ చట్టం అమలుకు జీవితాంతం పాటుపడిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ గురించి సోషల్ వర్క్ విద్యార్థులు తప్పకుండా చదవాలి.

శాంతా సిన్హా పని నుంచి నేర్చుకోవాల్సింది ఇంకా ఎక్కువ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆమె ఎం.వి.ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా 1990ల తొలినాళ్ల నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో బాలకార్మికుల్ని బడికి తెచ్చారు. పేదవాళ్లు పిల్లల సంపాదన మీద బతుకుతారు కాబట్టి బడికి పంపరన్నది అప్పటికి అందరి నమ్మకం. తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడితే వేరే నిజం బయటపడింది. పిల్లల్ని చదివించాలని వాళ్లకు గట్టిగానే ఉంది. కానీ పదేళ్లొచ్చిన పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేరు, అప్పట్లో ఏడాది మధ్యలో బడి చేర్చుకునేది కాదు. అడ్డంకులు ఎక్కువగా బడి వైపే ఉన్నాయి. అందుకే శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించే పద్ధతి తెచ్చారు. ఊరి యువకులు, ఉపాధ్యాయులు, పంచాయతీ అందరూ అందులో చేయి కలిపారు. ఆ కృషికి 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ‘వాళ్లకు ఆసక్తి లేదు’ అని మీ నివేదికలో రాసేముందు, బడిలో, ఆసుపత్రిలో, ఆఫీసులో ఏం అడ్డుపడుతోందో ఒకసారి చూడాలి.

అప్పుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల నేపథ్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకంగా చట్టమే తేవాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న అప్పులన్నీ తెలుసుకోకుండా స్వయం ఉపాధి పేరుతో ఇంకో రుణం ఇప్పించడం సాయం కాదు. ఆ వివరాలు అడిగేటప్పుడు పక్కింటివాళ్లు ఉండకూడదు. ఇంట్లోవాళ్లను ‘అమ్మా’, ‘గారు’ అని పిలవండి. సాయం అందుకుంటున్నట్టు ఫొటో తీయమని మీ సంస్థ అడిగితే, వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే తీయండి.

చదువు, ఉద్యోగాలు

ఏ డిగ్రీ చేసినవారైనా రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూలో చేరవచ్చు. ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రా వంటివాటికి ఏపీ పీజీసెట్ రాయాలి. 1936లో ముంబైలో మొదలైన టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)కు హైదరాబాద్‌లోనూ ప్రాంగణం ఉంది. హైదరాబాద్‌లోని రోడామిస్త్రీ కాలేజీ ప్రత్యేకంగా సోషల్ వర్క్ కోసమే ఏర్పడింది. ఎక్కడ చేరినా ఫీల్డ్‌వర్క్ ఎలా చేయిస్తారో ముందుగా సీనియర్లను అడగండి. సంతకాలకే పరిమితమైన ఫీల్డ్‌వర్క్‌తో చేతికి పట్టా వస్తుంది, పని రాదు.

జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, హింసకు గురైన మహిళలకు అండగా ఉండే సఖి కేంద్రాలు, ఆసుపత్రులు, పేదరిక నిర్మూలన కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థలు (గ్రామాల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా), స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) విభాగాలు ఉద్యోగాలిస్తాయి. ప్రభుత్వ పథకాల్లోని పోస్టులు చాలావరకు కాంట్రాక్టువే. తొలి జీతాలు చదువుకు తగ్గట్టు ఉండవు. ఇది అన్యాయమే, కానీ చేరే ముందు తెలిసి ఉండాలి. తెలుగులో తప్పుల్లేకుండా రాయడం, కేసు రికార్డు పద్ధతిగా ఉంచడం, తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా కుటుంబాలతో నాలుగు మాటలు మాట్లాడగలగడం వంటివి వచ్చినవారికి గిరాకీ ఉంటుంది.

ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసేముందు ప్రజల అర్జీలు తీసుకునే ఏదైనా సోమవారం మీ జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లండి. అర్జీలు పట్టుకుని వరుసలో కూర్చున్నవాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పేది వినండి. రాయడం రానివాళ్లు అడిగితే అర్జీ రాసిపెట్టండి. వచ్చే సోమవారం మళ్లీ వెళ్లి, దాని సంగతి ఏమైందో కనుక్కోవాలనిపిస్తే వెంటనే దరఖాస్తు చేయండి.