సీతాకోకచిలుక కవాటము

గత సంవత్సరము మా పదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని పట్టణములోని యొక నూలుమిల్లును చూడబోయితిమి. ప్రత్తి త్వరగా నంటుకొనునది గావున అచ్చట పైకప్పు క్రింద నీటి గొట్టములును, వాటికి వరుసగా స్ప్రింక్లరులును అమర్చియుండిరి. ప్రధానమైన గొట్టముపై నొక చిన్న చక్రము గలదు. దాని సూచిక గొట్టమున కడ్డముగా నుండుట గనిపెట్టి యొక బాలిక, "మాస్టారూ, ఇది మూసి ఉంది కదండీ?" అని యడిగినది. నిజమే. మరమ్మతునకై మూసినవారు తిరిగి తెరచుట మరచిరి.

ఆ సాధనమునకు బటర్‌ఫ్లై వాల్వు, అనగా సీతాకోకచిలుక కవాటమని పేరు. గొట్టము లోపల గుండ్రని లోహపు బిళ్ళ యొకటి ఇరుసుపై నిలిచియుండును. ఇరుసున కిరుప్రక్కల నున్న భాగములు రెక్కలవలె నుండుటచే నీ పేరు కలిగినది. బిళ్ళ యడ్డముగా నున్నప్పుడు నీరాగును. 90 డిగ్రీలు త్రిప్పినచో నీరు దాని కిరువైపులను పాఱును. గేటువాల్వుకంటె నిది తేలిక. తక్కువ చోటు చాలును.

పావుచుట్టుతో మూతపడుదానికి చక్రమేల? పాఱు నీటిని తటాలున నాపినచో ఒత్తిడి పెరిగి గొట్టములను సుత్తితో మోదినట్లు మోదును. కావున పండ్లచక్రములద్వారా మెల్లగా త్రిప్పుదురు. అమెరికాలోని ఎన్.ఎఫ్.పి.ఏ. 13 నియమావళి ప్రకారము పూర్తిగా తెరచిన వాల్వు 5 సెకండ్లలోపల మూతపడరాదు.

1874లో న్యూహేవెన్ నగరమందు హెన్రీ పార్మలీ తన పియానో కర్మాగార రక్షణకై స్వయముగా పనిచేయు స్ప్రింక్లరును నిర్మించెను. నేటి స్ప్రింక్లరులలో ననేకములకు ద్రవము నింపిన గాజుబుడ్డి యుండును. ఎఱ్ఱని బుడ్డి 68 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి పగిలి నీటిని వదలును. మంటకు దగ్గఱనున్నవే పగులును గాని యన్నియు నొక్కసారి పగులవు.

అయితే వాల్వు మూసియున్నచో బుడ్డి పగిలిన ఫలమేమి? స్ప్రింక్లరులు పనిచేయకపోవుటకు మిక్కిలి తఱచైన కారణము నీటిని కట్టివేసియుండుటయే యని అమెరికా అగ్నిప్రమాదముల లెక్కలు చెప్పుచున్నవి. అందుచేతనే చక్రమునకు గొలుసుతో తాళము వేయుదురు. లేదా ఎవరైన త్రిప్పినచో హెచ్చరిక నిచ్చు స్విచ్చి నమర్చుదురు.

ఆనాడు మిల్లు అధికారి వెంటనే వాల్వు తెరపించి, ఆ బాలికకు నమస్కరించెను. విద్యార్థులారా! ఇకమీదట ఆసుపత్రిలోగాని సినిమాహాలులోగాని ఇట్టి చక్రము కనబడినచో సూచిక యెటు చూచుచున్నదో గమనింపుడు. అడ్డముగా నున్నచో మీరు తాకవలదు. అచ్చటి పెద్దలకు తప్పక చెప్పుడు.