మాకు తెలియని రహస్యమా!

రామసముద్రం

పాపా,

హైదరాబాదులో సీరియల్ కథలు రాసే జట్టులో చేరావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. అప్పుడే పట్టుపురుగు నాలుగో జ్వరం లేచింది, ఆకు కోసి వెయ్యడానికే పొద్దు చాలడం లేదు. ఇప్పుడు చంద్రికలెక్కి గూళ్ళు కట్టుకుంటోంది కాబట్టి నాకు కాస్త తీరిక దొరికింది.

"రహస్యం ముందే తెలిసిపోతే మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఇంక చూడరు కదా పెద్దమ్మా, ఎన్నాళ్ళు దాచమంటావు?" అన్నావు. మీ ఆఫీసులో అందరూ అట్లాగే అనుకుంటున్నట్టుంది. పాపా, ఇక్కడ ఎవరూ రహస్యం కనిపెట్టడానికి సీరియల్ ముందు కూర్చోరు. అది మాకు మొదట్లోనే తెలుసు. తెలియనిది కథలో ఉన్నవాళ్ళకి. మా పోట్లాటంతా దాచినామె ఎందుకు దాచింది, దాచడానికి ఆమెకేం హక్కుంది, చెప్పింటే ఏమయ్యేది అన్నదాని మీదే.

కార్తీకదీపాన్నే తీసుకో. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా 1569 భాగాలు నడిచింది. నాయకుడు డాక్టర్ బాబుకు పిల్లలు పుట్టరన్న అబద్ధం మోనిత అల్లిందని మాకు తెలుసు. ఆయన భార్య దీప కడుపున పుట్టిన కవలల్లో ఒకతె హిమ అనీ, అత్త సౌందర్య ఆ బిడ్డను తెచ్చి కొడుకు చేతనే పెంచించిందనీ మాకు తెలుసు. ఆయన మాత్రం కన్నబిడ్డను ఎత్తుకుని తిరుగుతూ కన్నతల్లిని అనుమానిస్తుంటాడు. మాకు తెలియకుండా మిగిలిన రహస్యమేముంది? అయినా అన్నేళ్ళు చూశాం.

దానికి తోడు మనది మూడు రాష్ట్రాలు కలిసే మూల. ముళబాగిలులో ఇచ్చిన మా ఆడబిడ్డ అదే కథను స్టార్ సువర్ణలో 'ముద్దులక్ష్మి'గా చూసేది. కన్నడంలో చాలా ఏళ్ళు డబ్బింగును రానివ్వలేదు కదా, కథ నచ్చితే మళ్ళీ తీయాల్సి వచ్చేది. కుప్పంలో మీ చిన్నమ్మ ఇంట్లో అరవ ఛానళ్ళే ఎక్కువ, ఆమెకు అది విజయ్ టీవీలో 'భారతి కణ్ణమ్మ'. అన్నిటికీ మూలం 2014లో మలయాళంలో మొదలైన 'కరుత్తముత్తు'. అందులోనూ మన వంటలక్క, అదే దీప వేసిన ప్రేమీ విశ్వనాథే నాయిక. (ఆమెకు నల్లరంగు పూసి నల్లపిల్ల కథ చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన వీధిలో ఎటు చూసినా కనబడేవాళ్ళు నల్లగా, చక్కగా ఉన్న పిల్లలే. నువ్వు రాసేటప్పుడు ఈ మాట గుర్తుంచుకో.)

అరవంలో ఆ కథ మొదలైంది 2019లో, మనకంటే ఏడాదికి పైగా వెనక. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు జరగబోయేదంతా మేమే మీ చిన్నమ్మకు చెప్పేవాళ్ళం. ఆమె చెవులు మూసుకోలేదు. "అట్లయితే మా సౌందర్య ఎప్పటికి నోరు విప్పుతాది?" అని అడిగేది. ఆమెకు కావలసింది ఆ నోరు విప్పడం. ఏం విప్పుతుందో ఆమెకూ తెలుసు.

ఆ సౌందర్య మీద మల్బరీ తోటలో జరిగిన వాదన నీకు చెప్పాలి. పక్కింటి వదిన ఒక పక్షం: "కన్నతల్లికి బిడ్డ బతికుందని చెప్పకుండా పెంచడమేంది? అది దొంగతనం కాదా?" ఎదురింటి జేజి ఇంకో పక్షం: "చెప్పింటే బిడ్డ తల్లి దగ్గరికి పోయేది, వాడు ఇద్దర్నీ బయటికి తోసేవాడు. ఒక బిడ్డకైనా నాయన ఇల్లు దక్కింది కదా." సెలవులకు వచ్చిన ఒక పిల్ల ఉంది, కుప్పం పీఈఎస్‌లో నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్లకు ఇద్దరి మీదా నవ్వే. "ఆయన డాక్టరే కదా, ఒక డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే అయిపాయె" అంది. దానికి జేజి ఏమందో తెలుసా? "పరీక్ష బిడ్డ ఎవరిదో చెప్తాది. పెండ్లాం మాట ఎందుకు నమ్మలేదో చెప్తాదా?"

ఆ వాదన సాగినన్ని రోజులూ ఒకామె ఆకు కోస్తూ ఒక్క మాటా కలపలేదు. ఎందుకో మాకందరికీ తెలుసు. పల్లెల్లో పిల్లలు లేని అక్కకో చెల్లెలికో బిడ్డనిచ్చిన ఇళ్ళు ఉంటాయి, ఆ బిడ్డకు చెప్పీ చెప్పక పెద్దచేసిన ఇళ్ళూ ఉంటాయి. ఎవరిదని నేను రాయను, నువ్వూ మీ అమ్మనడగొద్దు. ఒకనాడు ఆమే, తలెత్తకుండా, "చెప్పకుండా ఉండేది కూడా అంత సుళువు కాదులే వదినా" అంది. దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి వదిన సౌందర్యను తిట్టడం తగ్గించింది.

మీ ఆఫీసువాళ్ళకు ఇది అర్థమవుతుందో లేదో గానీ, మా వీధిలో నిజంగా జరిగినదాన్ని ఎవరం నోరు తెరిచి అడగలేం. సౌందర్యనైతే ఎంతైనా అడగొచ్చు. ఆమె ఎవరికీ చుట్టం కాదు, రేపు పెళ్ళిలో ఎదురుపడదు. అందుకే ఆమె మీద పడతాం. మేం పనిలేక వాదించుకుంటున్నామని మీ పెదనాన్న అంటాడు. ఆయన అరుగు మీద కూర్చుని ఎవరి ఓటు ఎటు పోయిందని తెల్లవార్లూ మాట్లాడితే మాత్రం అది లోకజ్ఞానం!

ముందే తెలిసిన కథను చూడడం మనకు కొత్త కాదు. మన చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు కదా. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడనీ, ఆఖరి రోజు మట్టి దుర్యోధనుడి తొడ పగులుతుందనీ పసిపిల్లకైనా తెలుసు. కర్ణుడి ఆట ఆడే రాత్రి చూడు. ఆయన కుంతి బిడ్డని తెలియనివాడు జనంలో ఒక్కడూ ఉండడు. అయినా కుంతి కొడుకు ముందుకొచ్చి నిలబడేసరికి ఎక్కడివాళ్ళక్కడ గమ్మున కూర్చుంటారు. తెల్లారి చెనక్కాయ చేలో మళ్ళీ అదే పంచాయితీ: ముందే చెప్పింటే యుద్ధమే జరిగేది కాదు కదా, అయిదుగురి కోసం ఒకణ్ణి పోగొట్టుకుంది కదా అని. యుద్ధమంతా అయ్యాక ధర్మరాజుకు సంగతి తెలిసి, ఆడవాళ్ళ నోట రహస్యం దాగకూడదని శాపం పెట్టాడంటారు. దాచింది ఒకామె, శాపం లోకంలో ఉన్న ఆడవాళ్ళందరికీ! సీరియల్ అత్తలకు ఆ శాపం తగిలినట్టు లేదు. వెయ్యి భాగాలైనా పెదవి కదపరు.

దాచడం గురించి ఇంతే. నిన్ను గట్టిగా హెచ్చరించాల్సింది కథలోని గతం గురించి.

మనిషి ముఖం మారినా మేం సర్దుకుంటాం. 2021లో కణ్ణమ్మ వేషం రోషిణి నుంచి వినుషా దేవికి మారింది. మీ చిన్నమ్మ ఒక వారం గొణిగి ఊరుకుంది. గతాన్ని మారిస్తే మాత్రం ఊరుకోం. 2022 మార్చిలో డాక్టర్ బాబునూ వంటలక్కనూ ప్రమాదంలో చంపేసి, హిమ, శౌర్యలను పెద్దవాళ్ళను చేశారు. మా వీధిలో కొందరు ఆ రోజే టీవీ కట్టేశారు. కొన్ని నెలలకు ఇద్దరూ తిరిగొచ్చారు, ఆమెకు కోమా, ఆయనకు మతిమరుపు. బతికొచ్చారని సంతోషపడ్డాం గానీ లెక్కలు అడగడం మానలేదు. ఇన్నాళ్ళు ఎవరింట్లో ఉన్నారు? పోలీసులు ఏం చేస్తున్నారు? కర్మకాండలు చేసినవాళ్ళు ఇప్పుడేమంటారు? సగానికి సగం జవాబులు రాలేదు. 2024 మార్చిలో రెండో కార్తీకదీపం వస్తే అవే ముఖాలు, వేరే కథ. మొదటి వారాల్లో "మోనిత ఏదమ్మా?" అని వెతికినవాళ్ళు ఎంతమందో! అందులో దీప సుమిత్ర కన్నబిడ్డ అనీ, పుట్టినప్పుడే పారిజాతం పిల్లలను మార్చేసిందనీ మాకు ముందే తెలుసు, సుమిత్రకు తెలియలేదు. మళ్ళీ మొదలు. తిడుతూనే చూశాం.

మధ్యాహ్నం పూట ఈటీవీలో వచ్చిన 'అభిషేకం' 2008 డిసెంబరు నుంచి 2022 ఫిబ్రవరి దాకా, నాలుగు వేల భాగాలు సాగింది. అమెరికాలో 'గైడింగ్ లైట్' అని ఒకటుంది, 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకెక్కి, 2009 దాకా నడిచిందని మీ అన్న చెప్పాడు. అన్నేళ్ళలో రాసేవాళ్ళు ఎన్ని తరాలు మారి ఉంటారో ఆలోచించు. ఎవరు ఎవరి బిడ్డ, ఎవరి తాళి ఎవరు తెంచారు అన్నది ఎక్కడ ఉంటుంది? చూసేవాళ్ళ దగ్గరే ఉంటుంది. మీరు ఒక సీరియల్ ముగించి ఇంకోదానికి పోతారు, మేం పోం. పెళ్ళికి ఎవరు ఎంత చదివించారో ఇరవై ఏళ్ళు గుర్తుపెట్టుకునే ఊరికి, మీ పదో భాగంలో ఎవరేమన్నారో గుర్తుండదనుకోకు.

మీ సీరియల్ కోసమని నువ్వు చెప్పిన కథ విన్నాక నాకు రెండు మాటలు తోచాయి. ఒకటి, రహస్యం తెలిసినవాళ్ళలో ఇంటి పనిమనిషిని కూడా పెట్టు. ఏ ఇంట్లోనైనా అన్నీ తెలిసింది ఆమెకే. అడిగినా చెప్పదు, చెప్తే పని పోతుంది. దాచడమంటే ఏమిటో అక్కడ కనబడుతుంది. అత్తగార్లను చూసి చూసి విసుగొచ్చింది.

రెండోది, మీరు నాలుగువందలవ భాగం దగ్గర నాయిక నాయన బతికే ఉన్నాడని చూపిస్తారట. చూపించండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ మూడో భాగంలోనే ఆయన శవాన్ని తెస్తారు, ముఖం మీద గుడ్డ తీసి అందరికీ చూపిస్తారు, కొడుకులు లేరని ఆ పిల్ల చేతనే కొరివి పెట్టిస్తారని నువ్వే అన్నావు. ఆ రోజు మా వీధంతా ఏడుస్తుంది, మీరనుకున్నట్టే. ఏడ్చినవాళ్ళు ఊరికే మరిచిపోరు. ఆయన బతికి రాకముందే ఆ చితి మీద పడుకున్నది ఎవరో మీ ఆఫీసులో తేల్చుకోండి. మేం ఆ రాత్రే అడుగుతాం.

గూళ్ళు ఈసారి శిడ్లఘట్టకు వేద్దామంటాడు మీ పెదనాన్న, నేను మదనపల్లె అంటున్నాను. ధర చూసి రాస్తాను.

మీ పెద్దమ్మ