గుల్లల లెక్క

ఫిజీ దేశం పేరు విన్నారా? అది పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. మనకు చాలా దూరం. అదంతా దీవుల దేశం. ఎటు చూసినా నీళ్ళే. 1903 నుంచి మన తెలుగువాళ్ళు కూడా కొందరు మద్రాసులో ఓడ ఎక్కి అక్కడికి వెళ్ళారు. చెరుకు తోటల్లో కూలిపని చేశారు.

ఆ దేశంలో కడలి ఒడ్డున ఉదునివనువా అనే పల్లె ఉంది. ఊరి ముందు బురద నేల ఉంది. నీరు వెనక్కి తగ్గగానే ఆడవాళ్ళు బురదలోకి దిగుతారు. గుల్లలు ఏరుతారు. ఆ గుల్లను వాళ్ళు కైకోసో అంటారు. మన కాకినాడ దగ్గర బురదలో దొరికే గుల్లలకు అది చుట్టమే. ఇంట్లో వండుకుంటారు. మిగిలింది అమ్ముకుంటారు.

బుట్ట నిండలేదు

ఒకప్పుడు అక్కడ గుల్లలు బాగా దొరికేవి. బుట్ట త్వరగా నిండేది. 1990 తరువాత ఆ రోజులు పోయాయి. ఎంతసేపు వంగి వెతికినా బుట్ట నిండేది కాదు. దొరికినవి కూడా చిన్నవే. 5 సెంటీమీటర్లు, అంటే రెండు అంగుళాలు దాటిన గుల్ల కనబడటమే అరుదైపోయింది.

ఎందుకు ఇలా జరిగింది? జనం పెరిగారు. అమ్మకం పెరిగింది. గుల్ల పెరిగి పిల్లలు పెట్టేలోపే ఏరేస్తున్నారు. విత్తనాల గింజలు కూడా వండుకు తింటే మరుసటి ఏడు పంట ఎక్కడిది?

ఆ ఊరి కుర్రాడు ఒకడు విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. తన పల్లె కష్టం గురువులకు చెప్పాడు. వాళ్ళు ఊరికి వచ్చారు. ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడారు. ఎక్కడ ఏం దొరికేది, ఇప్పుడు ఏం దొరుకుతోంది, ఊరివాళ్ళు చెప్పారు. గుల్ల ఎలా పెరుగుతుందో గురువులు చెప్పారు. ఇద్దరి దగ్గరా తెలివి ఉంది. రెండూ కలిశాయి.

ఊరి కట్టుబాటు

ఫిజీ పల్లెల్లో ఒక పాత ఆచారం ఉంది. ఊరి పెద్ద చనిపోతే కొంత మేర సముద్రంలో కొంతకాలం వేట చేయరు. దాన్ని తంబు అంటారు. ఊరివాళ్ళకు ఆ ఆచారం గుర్తుకొచ్చింది.

1997లో ఊరి ముందున్న 24 హెక్టార్లు మూసేశారు. అంటే దాదాపు 60 ఎకరాలు. మూడేళ్ళు అందులో ఎవరూ గుల్లలు ఏరకూడదు. ఇదే కట్టుబాటు.

మూడేళ్ళు మూసేస్తే ఏం తినాలి అని మీకు అనిపించవచ్చు. వాళ్ళు అంతా మూయలేదు. కొంత మూశారు, మిగతాది ఏరుకోవడానికి ఉంచారు. గుల్ల పిల్లలు మొదట నీటిలో తేలుతూ పోతాయి. ఎక్కడో ఒకచోట బురదలో దిగి పెరుగుతాయి. కాబట్టి మూసిన చోట పెద్ద గుల్లలు పెట్టిన పిల్లలు పక్కనున్న బురదకూ చేరతాయి. మూసిన చోటు నారుమడి లాంటిది.

లెక్క ఎవరు రాశారు?

అసలు సంగతి ఇక్కడే ఉంది. గుల్లలు పెరిగాయో లేదో ఎలా తెలుస్తుంది? పైవాళ్ళు వచ్చి చెప్పాలా? అక్కరలేదు. ఊరు 20 మందిని ఎంచుకుంది. లెక్క పెట్టే పద్ధతి గురువులు వాళ్ళకు నేర్పారు.

ఒడ్డు నుంచి లోపలికి తాడు పరిచారు. తాడు వెంట అక్కడక్కడ మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గుర్తు పెట్టారు. ఆ గడిలో ఎన్ని గుల్లలు ఉన్నాయి, ఎంత సైజు ఉన్నాయి అని రాసుకున్నారు. మూసిన చోట రాశారు. మూయని చోటా రాశారు. ఆ లెక్క ఊరికి చెప్పారు.

గుల్లలు రెండు చోట్లా పెరిగాయి. 8 సెంటీమీటర్లు దాటినవి కూడా మామూలుగా దొరకసాగాయి. మూడేళ్ళు పూర్తయ్యాక కట్టుబాటు ఎత్తేయాలి. కాని ఊరు ఎత్తేయలేదు. ఇంకా పొడిగించింది. ఎవరో ఒత్తిడి చేసి కాదు. తమ చేత్తో రాసుకున్న లెక్క కళ్ళ ముందు ఉంది కాబట్టి.

ఈ మాట పక్క ఊళ్ళకు పాకింది. సావా అనే ఊరివాళ్ళు మడ అడవిలో బురద రొయ్యల బొరియలు లెక్క పెట్టడం మొదలుపెట్టారు. తరువాతి ఏళ్ళలో ఫిజీలో వందల పల్లెలు ఈ దారి పట్టాయి. ఒక ఊరు నేర్చుకున్నది ఇంకో ఊరికి చెప్పింది. తప్పులు కూడా దాచకుండా చెప్పుకుంటే అందరికీ మేలు.

మన తీరంలో

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. ఇది ప్రభుత్వం పెట్టిన నియమం. ఆ రోజుల్లో ఇల్లు గడవడం ఎంత కష్టమో తీరంలో ఉన్నవాళ్ళకు తెలుసు. మరి ఆ కష్టానికి ఫలితం వచ్చిందా? వల బరువు పెరిగిందా? అది చెప్పాలంటే మన దగ్గరా లెక్క ఉండాలి.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. తేదీ రాయడం వస్తే చాలు. చేప పేరు, బుట్టల లెక్క రాయడం వస్తే చాలు. నిన్న నేర్చుకున్న అక్షరాలు ఇవాళ ఇందుకు పనికొస్తాయి. ఇంట్లో దాచిన లెక్క ఒక్కరికే తెలుస్తుంది. గోడ మీద రాసిన లెక్క ఊరందరికీ తెలుస్తుంది.

జవాబులు రాయండి

1. ఉదునివనువాలో గుల్లలు ఎందుకు తగ్గాయి?
2. ఊరివాళ్ళు ఎన్ని హెక్టార్లు మూశారు? మొత్తం ఎందుకు మూయలేదు?
3. మూయని చోట కూడా లెక్క ఎందుకు రాశారు?

కలిసి మాట్లాడుకోండి

మీ ఊళ్ళో పదేళ్ళ కిందట బాగా దొరికి ఇప్పుడు దొరకని చేప ఏది? పెద్దవాళ్ళను అడగండి. చేపలు అమ్మే ఆడవాళ్ళను కూడా అడగండి.

చేసి చూడండి

ఒక నెల రోజులు ఒక రకం చేప లెక్క రాయండి. తేదీ, ఎన్ని బుట్టలు, చేప ఎంత పొడవు. నెలాఖరున అందరి ముందు చదివి వినిపించండి.