గండికోట గాలిలో మాట వినబడాలంటే

గండికోట లోయ అంచున నిలబడి వీడియో తీస్తే పెన్నా అందంగానే పడుతుంది. మనం చెప్పిన మాటే గాలి హోరులో కొట్టుకుపోతుంది. అసలు చిక్కు దూరంతో. ఆరుబయట నోటికీ మైకుకీ మధ్య దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, చుట్టూ ఉన్న గోల మాత్రం తగ్గదు. 2 మీటర్ల అవతలి ఫోన్‌తో పోలిస్తే, నోటికి 25 సెంటీమీటర్లలో చొక్కాకి తగిలించిన మైకుకి గొంతు 18 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది. లెక్క మీరే వేసి చూడండి!

అందుకే హాస్టల్ బడ్జెట్‌లో నా ఓటు కాలర్ మైకుకే. బోయా బీవై-ఎం1 లాంటి దానికి 6 మీటర్ల వైరు, ఫోన్‌కీ కెమెరాకీ మార్చుకునే స్విచ్ ఉంటాయి. మీ ఫోన్‌కి హెడ్‌ఫోన్ జాక్ లేదా? అడాప్టర్ కొనేముందు అది మైకుని కూడా తీసుకుంటుందో లేదో అడగండి, కొన్ని పాటలు వినడానికే పనికొస్తాయి. కెమెరా మీద పెట్టే షాట్‌గన్ మైకు దర్జాగా కనిపిస్తుంది గానీ, దూరం నుంచి అదీ పెద్దగా ఏం చేయలేదు.

ఇక గాలి. మైకుతో వచ్చే నల్ల స్పాంజి చిన్న గాలికి సరే, కొండ మీద బొచ్చు తొడుగు ఉండాల్సిందే. ఎడిటింగ్‌లో చూసుకుందాంలే అనుకోవద్దు, గాలి దెబ్బకి పగిలిపోయిన మాటని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు. ఊళ్లో ఓ పెద్దాయన కోట కథ చెప్పాక, అదే ఊపుతో మళ్లీ చెప్పమని అడగలేం కదా. ముందే ఆయన చేత పేరు చెప్పించి, ఇయర్‌ఫోన్స్‌లో ఓ పది సెకన్లు విని, అప్పుడు మొదలుపెట్టండి.