వేగమూ – విరామమూ

ఉద్దేశం: దూరప్రయాణంలో వేగం ఎంత అవసరమో, ఎవరికి అవసరమో విద్యార్థుల చేత ఆలోచింపజేయడం, మన ప్రాంతపు రైలు ప్రయాణాన్ని విదేశాలలోని అతివేగ రైళ్ళతో పోల్చి చూపి, వాటి వెనుకనున్న శాస్త్రాన్ని, సామాజిక ప్రయోజనాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు తన కాళ్ళకు గల శక్తిని ఎరిగిన నాటి నుండి దానికి మించిన వేగాన్ని ఊహిస్తూనే ఉన్నాడు. పుష్పక విమానం ఆ ఊహకు ఒక రూపం. భారతంలోని నలోపాఖ్యానం అంతకంటె ఆసక్తికరమైన ఒక సన్నివేశాన్ని మన ముందుంచుతుంది. దమయంతికి మరునాడే స్వయంవరమన్న వార్త అయోధ్యలో ఋతుపర్ణునికి చేరుతుంది. ఒక్క పగటిలో విదర్భకు చేరవలెను. బాహుకుడనే పేరుతో సారథిగా ఉన్న నలుడు రథం తోలుతాడు. దారిలో రాజు ఉత్తరీయం జారిపడుతుంది. రథం ఆపి తెమ్మని అడిగేసరికే అది ఆమడ దూరం వెనుకబడిపోతుంది. ఈ కథలో గమనింపదగిన విషయాలు రెండు. మొదటిది, నలుని వేగం కండబలం వలన వచ్చినది కాదు, అశ్వహృదయమనే విద్య వలన వచ్చినది. రెండవది, ఆ వేగానికి ఒక ప్రయోజనం ఉన్నది. విడిపోయిన దంపతులు తిరిగి కలుసుకోవడానికి అది సాధనమైనది. వేగాన్ని గురించి మాట్లాడేటప్పుడు ‘ఏ విద్య చేత?’, ‘ఏ ప్రయోజనం కొరకు?’ అనే ఈ రెండు ప్రశ్నలను మరువరాదు.

కావ్యలోకంలో రథాలు ఎంత వేగంగా పరుగెత్తినా, నిజజీవితంలో మన పూర్వుల ప్రయాణం మందగమనమే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణానికి పల్లకి, బోయీలు, పరివారమే ఆధారం. ఆయన రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’ మజిలీలను, ఊళ్ళను, ఆచారాలను, ప్రజల జీవనస్థితిని కళ్ళకు కట్టిస్తుంది. మజిలీ మజిలీకి ఆగిన ప్రయాణం కావడం చేతనే ఆ గ్రంథం అంత విపులమైనది. అయితే అటువంటి ప్రయాణం ఏ కొద్దిమందికో తప్ప సాధ్యమయ్యేది కాదు. సామాన్యునికి దూరప్రయాణాన్ని అందుబాటులోకి తెచ్చినది రైలుబండి.

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు నడిచింది. నిజాం రాజ్యంలో వాడి–సికిందరాబాదు మార్గం 1874లో ప్రారంభమైనది. ఆ మార్గం 1886లో వరంగల్ వరకు, 1889లో బెజవాడ వరకు సాగింది. జనగామ, మానుకోటగా ప్రజలు పిలుచుకొనే మహబూబాబాద్, డోర్నకల్ ఈ మార్గం మీదనే ఉన్నాయి. ఇల్లెందు ప్రాంతంలో లభించిన బొగ్గును తరలించడం ఈ మార్గ నిర్మాణంలోని ముఖ్య ప్రయోజనాలలో ఒకటి. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గం పూర్తి కావడంతో ఢిల్లీ–చెన్నపట్టణాల నడుమ రాకపోకలకు కాజీపేట కీలకస్థానమైనది.

ఈ మార్గంలో నేటి ప్రయాణాన్ని పరిశీలిద్దాం. సికిందరాబాదు నుండి జనగామ దాదాపు 85 కిలోమీటర్లు. మహబూబాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. 1969లో ప్రారంభమైన గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఆవిరియంత్రంతో నడిచిన వేగవంతమైన బండ్లలో ఒకటిగా పేరు పొందింది. అదే బండి నేడు విద్యుత్తుతో గుంటూరు–సికిందరాబాదుల మధ్య నడుస్తూ, దాదాపు 380 కిలోమీటర్ల దూరానికి సుమారు ఎనిమిది గంటలు తీసుకొంటున్నది. అనగా గంటకు సగటున 48 కిలోమీటర్లు. 2022లో దక్షిణ మధ్య రైల్వే తన ప్రధాన మార్గాలలో పెక్కు చోట్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచింది. పట్టాలు 130 కిలోమీటర్లకు అనుమతిస్తుండగా బండి సగటు వేగం 50కి లోపల ఎందుకున్నది?

కారణం ఇంజను బలహీనత కాదు. ఒకే జత పట్టాల మీద దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, ప్రతి ఊరిలో ఆగే ప్యాసింజర్లు, బొగ్గు, సిమెంటు, ధాన్యం మోసే గూడ్సు బండ్లు అన్నీ నడవవలసి ఉన్నది. వెనుకనుండి వేగమైన బండి వస్తున్నదంటే ముందున్న బండిని లూప్ లైనులో నిలిపివేస్తారు. ప్యాసింజరు ప్రయాణికులకు ఈ నిరీక్షణ సుపరిచితం. దీనికి తోడు ఒక బండి తన వేగాన్ని తగ్గించుకొని, స్టేషనులో రెండు నిమిషాలు ఆగి, తిరిగి పూర్తి వేగాన్ని అందుకొనేసరికి ఐదు నిమిషాల దాకా నష్టపోతుంది. ఇరవై స్టేషన్లలో ఆగితే గంటన్నరకు పైగా కాలం అందులోనే గడచిపోతుంది. ఈ రద్దీని తగ్గించడానికే కాజీపేట–విజయవాడల మధ్య మూడవ లైనును చేపట్టారు.

ఇక విదేశాల వైపు దృష్టి సారిద్దాం. అతివేగ రైలుకు ఆద్యదేశం జపాను. 1964 అక్టోబరు 1న టోక్యో–ఒసాకా నగరాల మధ్య 515 కిలోమీటర్ల షింకన్‌సెన్ మార్గం ప్రారంభమైనది. ఆనాటి గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు. అంతకు పూర్వం ఆరున్నర గంటలు పట్టిన ప్రయాణం నాలుగు గంటలకు తగ్గింది. నేడు రెండున్నర గంటలకు లోపే ముగుస్తున్నది. ఆ మార్గానికి జపాను ప్రపంచబ్యాంకు నుండి అప్పు తీసుకొన్నది. యుద్ధంలో చితికిన దేశం ఇరవై ఏళ్ళు తిరగకముందే ఈ కార్యాన్ని సాధించడం విశేషం. ఫ్రాన్సులో 1981లో పారిస్–లియోన్ మార్గం మొదలైనది. 2007 ఏప్రిల్ 3న అక్కడి ప్రయోగ రైలు గంటకు 574.8 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. చైనా 2008లో బీజింగ్–తియాన్‌జిన్ మార్గంతో ఈ రంగంలో ముందడుగు వేసి, 2023 చివరినాటికి దాదాపు 45,000 కిలోమీటర్ల అతివేగ మార్గాలను నిర్మించింది. 1,318 కిలోమీటర్ల బీజింగ్–షాంఘై ప్రయాణానికి అక్కడ నాలుగున్నర గంటలు చాలు. మహబూబాబాద్ నుండి సికిందరాబాదుకు మన ఎక్స్‌ప్రెస్ మూడు గంటలకు పైగా తీసుకొంటుండగా, ఆ దూరం టోక్యో–ఒసాకా రైలుకు గంట కూడా పట్టదు.

ఈ వేగం వెనుకనున్న విద్య ఏమిటి? అతివేగ రైలుకు ప్రత్యేకమైన మార్గం ఉంటుంది. దానిమీద గూడ్సు బండ్లు సామాన్యంగా నడవవు. లెవెల్ క్రాసింగులు ఉండవు. మలుపులు కొన్ని కిలోమీటర్ల వ్యాసార్ధంతో విశాలంగా ఉంటాయి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 83 మీటర్లు ముందుకు పోతుంది. అంత వేగంలో డ్రైవరు దారిప్రక్కనున్న సిగ్నలును కంటితో చూసి బండిని ఆపలేడు. అందుచేత సంకేతాలు అతని ఎదుటనున్న తెరమీదికే వస్తాయి. అతడు పొరపడితే యంత్రమే బ్రేకు వేస్తుంది. పైగా చలనశక్తి వేగవర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, వేగం రెండింతలైతే బండిని ఆపడానికి కావలసిన దూరం దాదాపు నాలుగింతలవుతుంది. నలునికి అశ్వహృదయం తెలిసినట్లు, ఈ బండ్లను నడిపేవారికి వేగం యొక్క హృదయం తెలిసి ఉండాలి.

అది తెలియని చోట ప్రమాదం పొంచి ఉంటుంది. 1998లో జర్మనీలోని ఎషెడే వద్ద చక్రపు లోహం అలసి విరగడం చేత 101 మంది మరణించారు. 2011లో చైనాలోని వెంజౌ వద్ద సిగ్నలు వ్యవస్థ విఫలమై రెండు బండ్లు ఢీకొనగా 40 మంది మరణించారు. షింకన్‌సెన్‌లో మాత్రం 1964 నుండి నేటి వరకు బండ్లు ఢీకొని గాని, పట్టాలు తప్పి గాని ఒక్క ప్రయాణికుడైనా మరణించలేదు. ఆ దేశం వేగంతో పాటు జాగరూకతను కూడా నిర్మించుకొన్నది. మన దేశంలో రూపొందిన ‘కవచ్’ అనే రక్షణ వ్యవస్థను 2022 మార్చిలో దక్షిణ మధ్య రైల్వేలోని గుల్లగూడ–చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ఎదురెదురుగా రైళ్ళను నడిపి పరీక్షించారు. ఇది సరియైన దిశలో వేసిన అడుగు.

మన దేశంలోనూ వేగం కొరకు ప్రయత్నాలు సాగుతున్నాయి. ముంబయి–అహ్మదాబాద్ నగరాల మధ్య 508 కిలోమీటర్ల అతివేగ మార్గానికి 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగింది. జపాను సహకారంతో పనులు సాగుతున్నాయి. 2023 జనవరి 15న సికిందరాబాదు–విశాఖపట్టణాల మధ్య వందే భారత్ రైలు ప్రారంభమైనది. దాదాపు 700 కిలోమీటర్ల దూరాన్ని అది ఎనిమిదిన్నర గంటలలో ముగించేటట్లు నిర్ణయించారు. ప్రారంభంలో దానికి మధ్యలో వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి స్టేషన్లలో మాత్రమే విరామం ఇచ్చారు. జనగామ, మహబూబాబాద్ పట్టణాల మీదుగా అది ఆగకుండా సాగిపోయింది.

ఇక్కడనే అసలైన ప్రశ్న తలెత్తుతున్నది. పూర్వపు వరంగల్ జిల్లాలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామ నుండి రాజధానికి ఉద్యోగానికి వెళ్ళే గుమస్తాకు, కాజీపేటలో చదువుకొనే విద్యార్థికి, కేసముద్రం నుండి వరంగల్ ఆసుపత్రికి వెళ్ళే రోగికి, ఏనుమాముల మార్కెట్టులో మిర్చి ధర తెలుసుకొనగోరే రైతుకు కావలసినది ఏమిటి? తమ ఊరిలో ఆగే బండి. తాము ఇచ్చుకోగల టికెట్టు. చెప్పిన వేళకు చేరుతుందన్న నమ్మకం. 2020 మార్చిలో కరోనా కారణంగా ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినప్పుడు ఈ మూడింటి విలువ అందరికీ తెలిసివచ్చింది. ఊరిలో ఆగని బండి ఎంత వేగంగా పోయినా, ఆ ఊరివారికి అది వినిపించే శబ్దమే గాని ప్రయాణం కాదు.

అయితే విరామం కావాలని కోరేవారు వేగాన్ని కాదనవలసిన పని లేదు. ఒకే బండి అందరినీ సంతోషపెట్టలేదు కనుక, జపానువారు ఒకే మార్గంలో మూడు తరగతుల బండ్లను నడుపుతారు. ‘నొజోమి’ మహానగరాలలోనే ఆగుతుంది. ‘హికారి’ మరికొన్ని స్టేషన్లలో ఆగుతుంది. ‘కొదామా’ ఆ మార్గంలోని 17 స్టేషన్లలోనూ ఆగుతుంది. పాత రైలుమార్గం చిన్న ఊళ్ళ సేవలో యథాతథంగా కొనసాగుతున్నది. వేగమైన బండ్లు కొత్త మార్గానికి తరలిపోగా, పాత మార్గంలో లభించిన అవకాశం స్థానిక బండ్లకు దక్కింది. మనం గ్రహింపవలసిన పాఠం ఇదే. అదనపు లైన్లు వేసినప్పుడు ఆ ఖాళీ అంతా దూరపు బండ్లకే పోకుండా, జనగామ, మానుకోటల ప్యాసింజర్లకు కూడా పాలు దక్కాలి.

భూపాలపల్లి పరిస్థితి మరింత ఆలోచింపదగినది. అక్కడ సింగరేణి గనులు ఉన్నాయి. సమీపంలోని చెల్పూరులో కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం ఉన్నది. మన రైళ్ళు నడిచేది విద్యుత్తు మీద. మన దేశపు విద్యుత్తుకు ప్రధాన వనరు బొగ్గు. కాని ఆ బొగ్గు తవ్వే కార్మికుడు రైలెక్కాలంటే ముందు బస్సెక్కి వరంగల్ వంటి దూరపు స్టేషనుకు చేరవలసి ఉన్నది. రామగుండం నుండి భూపాలపల్లి మీదుగా మణుగూరుకు రైలుమార్గం వేయాలన్న ప్రతిపాదన చాలాకాలం నుండి వినవస్తున్నది. ఒకనాడు బొగ్గు కొరకు వేసిన పట్టాలు మానుకోట ప్రజలకు ప్రయాణ సౌకర్యాన్ని కలిగించాయి. అట్లే ఈ మార్గం బొగ్గుతో పాటు మనుషులను కూడా మోయగలిగితే దాని ప్రయోజనం ద్విగుణీకృతమవుతుంది.

మరొక సత్యాన్ని 2024 సెప్టెంబరు మనకు బోధించింది. ఆ నెల మొదటి తేదీన కురిసిన కుండపోత వర్షానికి మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం–ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరద పట్టాల క్రింది కంకరను, మట్టిని కోసుకొనిపోయింది. పట్టాలు గాలిలో వ్రేలాడాయి. ఉత్తర, దక్షిణ భారతాలను కలిపే ప్రధాన మార్గం కొన్ని రోజులు స్తంభించింది. రాజధాని బండ్లకూ ప్యాసింజర్లకూ ఆనాడు భేదం లేకపోయింది. రేయింబవళ్ళు వర్షంలో శ్రమించి ఆ మార్గాన్ని పునరుద్ధరించినవారు రైల్వే కార్మికులు. గట్టి కట్ట, నీరు పోవడానికి తగిన తూము, పట్టాలను నిత్యం పరీక్షించే మనిషి లేనిదే ఏ వేగమూ నిలువదు.

కావున ప్రగతిని గంటకు ఇన్ని కిలోమీటర్లని మాత్రమే కొలవడం చాలదు. ఎందరు ఎక్కగలిగారు, ఎందరు క్షేమంగా దిగారు, ఎందరికి కాలం మిగిలింది అన్నది కూడా లెక్కలోకి రావాలి. ఋతుపర్ణుని రథం విదర్భకు చేరినప్పుడు దాని చప్పుడు విన్న దమయంతి, వచ్చినవాడు నలుడేనని గుర్తించింది. ఆమె కొరకు వచ్చిన రథమది. మన ఊరి ఫ్లాట్‌ఫారం మీద నిలబడినవారు కూడా, వస్తున్న బండి తమ కొరకే వస్తున్నదని చెప్పుకోగలగాలి. యువతరం రేపటి ఇంజనీర్లుగా, అధికారులుగా, పౌరులుగా అటువంటి వేగాన్ని నిర్మించవలసి ఉన్నది.

అర్థాలు

ఆమడ = యోజనం
ఉత్తరీయం = పైబట్ట
మజిలీ = ప్రయాణంలో దిగి ఆగే చోటు
ఆద్యదేశం = మొదటి దేశం
జాగరూకత = మెలకువ, జాగ్రత్త
ద్విగుణీకృతం = రెండింతలైనది
తూము = నీరు పోవడానికి ఏర్పరచిన మార్గం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మన ప్రాంతపు రైళ్ళ సగటు వేగం తక్కువగా ఉండడానికి గల కారణాలను, అతివేగ రైలుమార్గాల ప్రత్యేకతలను పోల్చి వివరించండి.
2. ‘ఊరిలో ఆగని బండి ఆ ఊరివారికి ప్రయాణం కాదు’ అన్న భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి లేదా విమర్శించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నలోపాఖ్యానంలోని రథప్రయాణం ద్వారా రచయిత సూచించిన రెండు విషయాలేవి?
2. జపాను వేగాన్ని, విరామాన్ని ఏ విధంగా సమన్వయించింది?
3. 2024 సెప్టెంబరు వరద నేర్పిన పాఠం ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘కాశీయాత్ర చరిత్ర’ను రచించినదెవరు?
2. షింకన్‌సెన్ మొదటి మార్గం ఏ నగరాల మధ్య ప్రారంభమైనది?
3. వేగం రెండింతలైతే బండి ఆగడానికి కావలసిన దూరం ఎన్ని రెట్లవుతుంది?